నాలుగేళ్ల బాబుకి టాన్సిల్ ఆపరేషన్: గొంతులో ట్యూబ్ తీసి మెలకువ వచ్చే సమయంలో ఇబ్బంది తగ్గాలంటే ఏం చేయాలి?

చిన్నూ వాళ్ళమ్మ (గుంటూరు)
సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్తే. మా బాబుకి నాలుగేళ్లు నిండాయి, బరువు 14 కిలోలు. రాత్రంతా నోరు తెరుచుకుని గురక పెడతాడు. మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తాడు. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక పెరిగే కండ) రెండూ తీసేయాలని ఈఎన్‌టీ డాక్టర్ గారు చెప్పారు. వచ్చే వారం గురువారం ఆపరేషన్.

కోత గురించి నాకంత భయం లేదు. పూర్తి మత్తు ఇచ్చి గొంతులో ట్యూబ్ వేస్తారట, అయిపోయాక తీస్తారట. నా టెన్షనంతా ఆ తీసే సమయం గురించే. మా ఆడపడుచు కొడుక్కి పోయినేడాది హెర్నియా ఆపరేషన్ అయింది. బయటికి తెచ్చాక చాలాసేపు ఎవరినీ గుర్తుపట్టకుండా కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ అరిచాడు, సెలైన్ సూది పీకేసుకున్నాడు. అది కళ్లారా చూశాను కాబట్టే నిద్ర పట్టట్లేదు. ఆ అరుపులు నొప్పి వల్లేనా? ట్యూబ్ తీస్తున్నట్టు పిల్లలకి తెలుస్తుందా? ఇంటి దగ్గర మేము ముందే చేయగలిగింది ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కాకినాడ నాన్న
సోమవారం, రాత్రి 10:47

ధైర్యంగా ఉండండి చెల్లీ. మా పాపకి ఐదేళ్లప్పుడు ఇదే ఆపరేషన్ అయింది. లేచాక వాళ్లమ్మ ఒళ్లోనే ఉండి "అమ్మ కావాలి, అమ్మ కావాలి" అని ఏడ్చింది. ఎదురుగా ఉన్న మొహం దానికి ఆనలేదు. కాసేపటికి అలిసిపోయి నిద్రపోయింది. మళ్లీ లేచేసరికి మామూలు మనిషి, దోసె కావాలంది. ఆ ఏడుపు తనకి ఏమాత్రం గుర్తులేదు. మాకు మాత్రం ఇంకా గుర్తుంది.

విశాఖ మత్తు డాక్టరు
మంగళవారం, ఉదయం 6:10

చిన్నూ వాళ్ళమ్మగారూ, పిల్లలకి మత్తు ఇవ్వడమే నా రోజువారీ పని. వివరంగా రాస్తాను. చదివాక మిగిలిన సందేహాలు మీ మత్తు డాక్టర్‌ని అడగండి, బాబుని చూసేది వాళ్లే.

ముందు ట్యూబ్ సంగతి. టాన్సిల్స్ తీసేటప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లోకి జారకుండా, గాలి ఆగకుండా అందేలా ట్యూబ్ వేస్తాం. సర్జన్ పని అయిపోగానే లాగేయం. గొంతులో రక్తం, కఫం శుభ్రంగా పీల్చేస్తాం. కొండనాలుక వెనక, పైకి కనపడని చోట రక్తపు గడ్డ దాగి ఉండొచ్చు. దాన్ని ప్రత్యేకంగా వెతికి తీస్తాం, ఎందుకంటే ట్యూబ్ తీశాక అది జారి కిందికి పడితే ఊపిరికి అడ్డం. ఇదంతా బిడ్డ గాఢ మత్తులో ఉండగానే జరుగుతుంది. నొప్పి మందు, వాంతుల మందు, వాపు తగ్గించే డెక్సామెథసోన్ కూడా అప్పటికే పడి ఉంటాయి. ఆ తర్వాతే మత్తు గ్యాస్ ఆపి, ఆక్సిజన్ ఇస్తూ, పక్కకి తిప్పి పడుకోబెడతాం.

ఇక్కణ్ణుంచి మా పని ఎదురుచూడటమే. దగ్గాడు కదా అని తీయకూడదు, దగ్గు ఒక్కటే మెలకువకి గుర్తు కాదు. కళ్లు తెరవాలి, రెండు కళ్లూ ఒకేవైపు చూడాలి, మొహం చిట్లించాలి, ట్యూబ్ వైపు చెయ్యి తీసుకెళ్లాలి, ఊపిరి లోతుగా, క్రమంగా ఉండాలి. ఇవి కనపడ్డాక ఊపిరితిత్తుల నిండా ఆక్సిజన్ నింపి తీస్తాం. ఇది మెలకువలో తీసే పద్ధతి. ఇంకోటి, బాగా గాఢ నిద్రలో ఉండగానే తీసేసి, తర్వాత నెమ్మదిగా లేవనివ్వడం. దీంట్లో దగ్గు తక్కువ, కానీ పూర్తిగా లేచేదాకా అనుభవమున్న మనిషి తల దగ్గరే ఉండాలి. రెండూ సరైనవే. గొంతులో రక్తం పడే ఆపరేషన్, పైగా నిద్రలో ఊపిరి ఆగే బిడ్డ కాబట్టి నేనైతే మెలకువ వచ్చాకే తీస్తాను.

ఈ రెండింటికీ మధ్య, సగం నిద్ర సగం మెలకువ ఉండే కాసేపే ప్రమాదం. ఆ సమయంలో గొంతులో ఏది తగిలినా స్వరపేటిక ఒక్కసారిగా బిగుసుకుని మూసుకుపోవచ్చు. దీన్నే లారింగోస్పాజమ్ అంటాం. పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువ. అందుకే ఆ కాసేపు బిడ్డని కదపం, తట్టం, పిలవం. ఒకవేళ వచ్చినా దవడ ముందుకెత్తి మాస్క్‌తో ఒత్తిడి మీద ఆక్సిజన్ ఇస్తే చాలాసార్లు విడుతుంది. విడవకపోతే సిరంజిలో సిద్ధంగా ఉంచుకున్న మందు ఇస్తాం.

ట్యూబ్ తీయడం బాబుకి తెలుస్తుందా అన్నారు. ఆ క్షణంలో చిరాకు పడతాడు, కానీ తర్వాత గుర్తుండదు.

మీ ఆడపడుచు గారి అబ్బాయి విషయం మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, మేము ఎమర్జెన్స్ డెలిరియం అనేదానిలాగే ఉంది. శరీరం లేస్తుంది, మెదడు ఇంకా పూర్తిగా లేవదు. రెండు నుంచి ఐదారేళ్ల వయసు పిల్లల్లో, సెవోఫ్లూరేన్ లాంటి త్వరగా దిగిపోయే గ్యాస్ వాడినప్పుడు ఎక్కువ. నొప్పి ఏమాత్రం లేని స్కాన్ కోసం మత్తిచ్చిన పిల్లల్లోనూ వస్తుంది కాబట్టి అదంతా నొప్పే అనుకోకూడదు. అలాగని నొప్పి లేదనీ అనుకోకూడదు, రెండూ కలిసి ఉండొచ్చు. 2004లో దీన్ని కొలవడానికి ఐదు ప్రశ్నల పద్ధతి ఒకటి తయారుచేశారు. కళ్లలోకి చూస్తున్నాడా, చేసే పనికి అర్థం ఉందా, చుట్టూ ఏముందో తెలుస్తోందా, కుదురు లేకుండా ఉన్నాడా, ఓదార్చినా ఊరుకోవట్లేదా. నొప్పితో ఏడ్చే బిడ్డ మీ కళ్లలోకి చూసి ఏడుస్తాడు. డెలిరియంలో ఉన్న బిడ్డ చూపు మిమ్మల్ని దాటి ఎక్కడికో పోతుంది. చాలామందిలో ఇది అరగంట లోపు దానంతటదే తగ్గిపోతుంది.

తగ్గించే మార్గాలు మా దగ్గర ఉన్నాయి. చివర్లో ప్రొపోఫాల్ అనే మత్తు మందు కొంచెం ఇవ్వడం, డెక్స్‌మెడెటోమిడిన్ అనే నిద్రమందు వాడటం, లేదా మొత్తం ఆపరేషన్ గ్యాస్ లేకుండా సెలైన్ ద్వారా ఇచ్చే మందులతోనే నడపడం. బాబు కొత్తవాళ్లని చూస్తే బాగా బెదిరిపోయే రకమైతే ఆ మాట ముందే చెప్పండి. ఏడుస్తూ మత్తులోకి వెళ్లిన పిల్లలు ఏడుస్తూ లేవడమే ఎక్కువగా చూస్తాం.

థియేటర్‌కి టైమైంది. ఇంట్లో చేయాల్సినవి సాయంత్రం రాస్తాను. అవే ముఖ్యం.

రికవరీ సిస్టర్ (నెల్లూరు)
మంగళవారం, మధ్యాహ్నం 2:35

డాక్టర్ గారు థియేటర్ లోపలి సంగతి చెప్పారు. నేను తలుపు ఇవతలి సంగతి చెప్తాను. రికవరీ రూమ్‌లో చాలా ఏళ్లుగా చేస్తున్నాను.

బిడ్డ మా దగ్గరికి వచ్చేసరికి ఒక పక్కకి తిరిగి పడుకుని ఉంటాడు, బుగ్గ కింద చిన్న గుడ్డ. నోట్లోంచి లేత ఎరుపు చొంగ ఆ గుడ్డ మీద పడుతుంటుంది. తల్లులు అది చూసి గాభరా పడతారు. కొంచెం ఎరుపు కలిసిన ఉమ్మి మామూలే. బిడ్డ మాటిమాటికీ గుటకలు వేస్తుంటే మాత్రం మాకు చెప్పండి, లోపల రక్తం కారుతోందేమో చూస్తాం. కాలి బొటనవేలికి ఎర్ర లైటున్న క్లిప్ ఉంటుంది, దాన్ని పీకనివ్వకండి, ఆక్సిజన్ ఎంతుందో చెప్పేది అదే. సూది ఉన్న చేతికి మేము మోచేతి దాకా కట్టు కట్టేస్తాం, కనపడకపోతే పిల్లలు దాని జోలికి పోరు.

లోపలికి పిలిచినప్పుడు ఒక్కరే రండి. "లే నాన్నా, కళ్లు తెరువు, అమ్మని చూడు" అని బుగ్గలు తట్టి లేపొద్దు. ఇది మరీ మరీ చెప్తున్నాను. వాడంతట వాడు లేస్తేనే ప్రశాంతంగా లేస్తాడు. లేచి ఏడిస్తే గట్టిగా పట్టుకుని ఊపొద్దు, తల గోడకీ రాడ్లకీ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టండి చాలు. ఒకటే మాట, ఒకటే గొంతుతో, నెమ్మదిగా. "అమ్మ ఇక్కడే ఉంది, అయిపోయింది" అంటే సరిపోతుంది. నాలుగు వైపుల నుంచి నలుగురు మాట్లాడితే పిల్లాడు ఇంకా బెదిరిపోతాడు. ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి తాతయ్యకి చూపించడం ఆ పది నిమిషాలు ఆపండి.

రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మో, దుప్పటో ఉంటే తెచ్చి మాకివ్వండి. ఉతక్కపోయినా పర్వాలేదు, ఇంటి వాసన ఉండటమే దాని గుణం.

రాజమండ్రి మేనత్త
మంగళవారం, సాయంత్రం 4:05

మా కాలంలో ముందురోజు రాత్రి ఎనిమిదింటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఇప్పుడూ అదే పాటించమ్మా. కడుపులో ఏమీ లేకపోతే వాంతి అవ్వదు, ట్యూబ్ తీసేటప్పుడు ఏ భయమూ ఉండదు.

లీడ్స్ తెలుగమ్మాయి
మంగళవారం, సాయంత్రం 5:30

అత్తగారూ, మీరు ప్రేమతోనే చెప్పారు, కానీ ఆ పద్ధతి మారింది. నేను ఇంగ్లండ్‌లో పిల్లల వార్డులో నర్సుని. 2018లో బ్రిటన్, ఫ్రాన్స్, యూరప్ పిల్లల మత్తు వైద్య సంఘాలు కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి. వేరే ఇబ్బందులేవీ లేని పిల్లలకి ఆపరేషన్‌కి గంట ముందు వరకు నీళ్లలాంటి తేట ద్రవాలు తాగనివ్వొచ్చని, కిలోకి 3 మిల్లీలీటర్ల చొప్పున అని. చిన్నూకైతే అది 42 మిల్లీలీటర్లు, అంటే మూడు టేబుల్ స్పూన్ల కంటే కాస్త తక్కువ. దాహంతో, ఆకలితో నకనకలాడే బిడ్డ థియేటర్‌కి ఏడుస్తూ వెళ్తాడు, లేచాక ఇంకా ఎక్కువ ఏడుస్తాడు.

ఇండియాలో చాలాచోట్ల రెండు గంటల ముందు వరకు అంటారు. మీ ఆసుపత్రి ఏది చెబితే అదే పాటించండి. కానీ "నీళ్లు ఎన్నింటి వరకు తాగించొచ్చు?" అని విడిగా అడగండి. "రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు" అని ఒక్క ముక్కలో చెప్పేసి వెళ్లిపోతే వెనక్కి పిలిచి మరీ అడగండి.

విశాఖ మత్తు డాక్టరు
మంగళవారం, రాత్రి 9:15

లీడ్స్ అమ్మాయి చెప్పింది నిజం. అన్నం, టిఫిన్, పాలు ఆరు గంటల ముందే ఆపాలి. తల్లిపాలైతే నాలుగు గంటలు. తేట ద్రవం అంటే నీళ్లు, పంచదార నీళ్లు, గుజ్జు లేని ఆపిల్ జ్యూస్. మజ్జిగ ఆ లెక్కలోకి రాదు, అది పాల కిందే లెక్క. హార్లిక్స్ ఎంత పలచగా కలిపినా అంతే. కొబ్బరినీళ్లు ఇవ్వాలనుకుంటే ముందు అడగండి, లేత కొబ్బరి రేకులు ఉంటే అసలు వద్దు. మా దగ్గర మాత్రం ఒక తంటా ఉంది. లిస్టులో ముందున్న ఆపరేషన్ ఆలస్యమైతే మీ బాబు పస్తు గంటలు పెరుగుతాయి. మొహమాటపడకుండా గంటకోసారి వార్డు సిస్టర్‌ని అడగండి. ఇంకా టైముందంటే మరో రెండు గుక్కలు తాగనిస్తారు.

ఇప్పుడు అసలు మాట. ట్యూబ్ తీశాక సాఫీగా ఉండటం సగానికి పైగా ముందు రెండు వారాల్లోనే తేలిపోతుంది. జలుబు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 9,297 మంది పిల్లల వివరాలు తీసి, 2010లో లాన్సెట్ పత్రికలో వేశారు. ఆపరేషన్ రోజున గానీ, దానికి ముందు రెండు వారాల్లో గానీ జలుబు, దగ్గు ఉన్న పిల్లల్లో స్వరపేటిక బిగుసుకోవడం, ఆక్సిజన్ పడిపోవడం లాంటి శ్వాస ఇబ్బందులు దాదాపు రెట్టింపు ఉన్నాయి. పరిగెత్తితే పిల్లికూతలు రావడం, రాత్రిళ్లు పొడి దగ్గు, ఒంటి మీద ఎగ్జిమా, ఇంట్లో ఉబ్బసం, ఇంట్లో సిగరెట్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

కాబట్టి ఈ వారం పెళ్లిళ్లకీ జాతరలకీ తిప్పొద్దు, వీలైతే స్కూలు మానిపించండి. పొగ దగ్గరికి రానివ్వొద్దు. సిగరెట్టే కాదు, దోమల చక్రం, సాంబ్రాణి కూడా పక్కన పెట్టండి. ఇన్‌హేలర్ వాడే బిడ్డ అయితే ఆపకుండా వాడండి.

చిన్నూ వాళ్ళమ్మ (గుంటూరు)
శనివారం, ఉదయం 8:50

అందరికీ చాలా థ్యాంక్స్. కానీ నిన్న రాత్రి నుంచి వాడికి ముక్కు కారుతోంది, పొద్దున పచ్చగా కఫం, ఒళ్లు వెచ్చగా ఉంది. మావారు చాలా కష్టపడి సెలవు పెట్టారు, మా అమ్మావాళ్లు టికెట్లు తీసుకున్నారు. మా బంధువొకాయన "జలుబు సంగతి చెప్పకండి, చెబితే వాయిదా వేస్తారు, ఎలాగూ ఆ ముక్కు ఎప్పుడూ కారేదే కదా" అంటున్నారు. ఏం చేయమంటారు?

రికవరీ సిస్టర్ (నెల్లూరు)
శనివారం, ఉదయం 9:02

చెప్పండమ్మా. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. గురువారం దాకా ఆగొద్దు.

విశాఖ మత్తు డాక్టరు
శనివారం, ఉదయం 11:40

మీ బంధువు గారి మాటలో సగం నిజముంది. ఎడినాయిడ్స్ ఉన్న పిల్లలకి నీళ్లలాంటి ముక్కు దాదాపు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. జ్వరం లేదు, దగ్గు లేదు, హుషారుగా ఆడుతున్నాడంటే చాలాసార్లు మేము ముందుకే వెళ్తాం. పచ్చ కఫం, జ్వరం, ఛాతీలోంచి వచ్చే తడి దగ్గు, అన్నం మానేసి డీలాపడటం ఉంటే అది వేరు. ఇవి ఉన్నప్పుడు అత్యవసరం కాని ఆపరేషన్‌ని కనీసం రెండు వారాలు, వీలైతే ఇంకొంచెం ఎక్కువ జరపడం మేలు.

దాచిపెడితే ఏమవుతుందో చెప్తాను, భయపెట్టడానికి కాదు. జలుబు పట్టిన శ్వాసనాళం పొక్కిపోయి ఉంటుంది. ట్యూబ్ తీయగానే కఫం స్వరపేటిక మీద పడుతుంది, అది బిగుసుకుంటుంది. పిల్లల ఒంట్లో ఆక్సిజన్ నిల్వ తక్కువ, చూస్తుండగానే పడిపోతుంది. మాకు ముందే తెలిస్తే మందులు మార్చుకుంటాం, ఇంకో డాక్టర్‌ని పక్కన ఉంచుకుంటాం, లేదా వాయిదా వేస్తాం. తెలియకపోతే ఇవేవీ చేయలేం.

వాయిదా పడితే సెలవులూ టికెట్లూ పోతాయి. ఆ బాధ నాకు తెలుసు, రోజూ వార్డులో చూస్తాను. అయినా ఫోన్ చేయండి.

మహబూబ్‌నగర్ తండ్రి
శనివారం, మధ్యాహ్నం 1:20

డాక్టర్ సాబ్, మా పాపకి ఏడాదిన్నరప్పుడు పెదవి చీలిక మీద రెండో ఆపరేషన్ అయింది. ట్యూబ్ తీశాక గొంతు బొంగురుపోయి, కుక్క దగ్గు వచ్చింది. ఊపిరి పీల్చినప్పుడల్లా కీచుమని చప్పుడు, మెడ దగ్గర గుంట పడేది. మాస్క్ పెట్టి ఏదో మందు పొగలాగా పట్టించిన్రు, తగ్గింది. కానీ రాత్రంతా ఐసీయూలో ఉంచిన్రు. తగ్గినంక కూడా ఎందుకు ఉంచాలె అని అప్పుడు కోపమొచ్చింది. ఎందుకట్ల చేస్తరు?

విశాఖ మత్తు డాక్టరు
శనివారం, రాత్రి 10:05

మంచి ప్రశ్న అన్నా. దాన్ని స్ట్రైడార్ అంటాం. పసిబిడ్డ శ్వాసనాళం అడ్డంగా 4 మిల్లీమీటర్లు ఉందనుకోండి. ట్యూబ్ ఒరుసుకుని చుట్టూతా ఒక్క మిల్లీమీటర్ వాచిందంటే మిగిలేది 2 మిల్లీమీటర్ల దారి. గాలి పోయే జాగాలో ముప్పావు వంతు పోయినట్టే. అదే వాపు 8 మిల్లీమీటర్ల దారి ఉన్నచోట వస్తే సగం కూడా పోదు. అందుకే పెద్దవాళ్లకి గొంతు గరగరతో పోయేది పసిపిల్లలకి ఊపిరి కష్టమవుతుంది.

మీ పాపకి పట్టించింది అడ్రినలిన్ నెబులైజేషన్ అయి ఉంటుంది. అది నిమిషాల్లో వాపు తగ్గిస్తుంది. కానీ దాని పని గంటా రెండు గంటలే. దిగిపోయాక వాపు తిరిగి రావచ్చు. డెక్సామెథసోన్ పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ మధ్యలో బిడ్డని ఇంటికి పంపకూడదు. వాళ్లు ఉంచింది సరైన పనే.

రాకుండా చూడటం ట్యూబ్ సైజు దగ్గరే మొదలవుతుంది. చిన్నపిల్లలకి, పక్కల నుంచి గాలి కారకుండా చుట్టూ ఉబ్బే గాలి బుడగ ఉన్న ట్యూబ్ వేస్తే గొంతు ఒరుసుకుపోతుందని మా సీనియర్లు వద్దనేవారు. యూరప్‌లోని 24 ఆసుపత్రుల్లో ఐదేళ్లలోపు పిల్లలు 2,246 మంది మీద చేసిన పరిశోధన 2009లో వచ్చింది. బుడగ ఉన్న కొత్తరకం ట్యూబ్ వేసినవాళ్లలో స్ట్రైడార్ 4.4 శాతం, లేనివాళ్లలో 4.7 శాతం. తేడా లేదన్నమాట. కానీ సైజు కుదరక ట్యూబ్ తీసి మళ్లీ వేయాల్సి రావడం మొదటివాళ్లలో 2.1 శాతమే, రెండోవాళ్లలో 30.8 శాతం. పదేపదే వేసి తీయడం కంటే బుడగలో ఒత్తిడిని మీటర్‌తో కొలుస్తూ ఒకేసారి సరిగా వేయడం గొంతుకి మంచిది.

ఖమ్మం కొత్త తల్లి
ఆదివారం, ఉదయం 7:30

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాపకి ఏడు నెలలు, హెర్నియా ఆపరేషన్ చెప్పారు. చిన్నప్పుడు మత్తు ఇస్తే మెదడు మందగిస్తుందని ఎక్కడో చదివి రాత్రంతా ఏడ్చాను.

విశాఖ మత్తు డాక్టరు
ఆదివారం, ఉదయం 8:45

ఏడవకండమ్మా. మీ పాపలాంటి పిల్లల మీదే ఒక పెద్ద పరిశోధన జరిగింది. 7 దేశాల్లో హెర్నియా ఆపరేషన్ అవసరమైన 722 మంది పసిబిడ్డల్లో కొందరికి పూర్తి మత్తు, కొందరికి మెలకువలోనే నడుముకి మత్తు ఇచ్చి, ఐదేళ్లు వచ్చాక తెలివితేటలు పరీక్షించారు. తేడా కనపడలేదు. ఆ ఫలితం 2019లో వచ్చింది. ఆ పిల్లలకి మత్తు ఇచ్చింది సగటున గంటలోపే. మూడేళ్లలోపు పిల్లలకి మూడు గంటలు దాటే మత్తు, లేదా పదేపదే ఇచ్చే మత్తు విషయంలోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో జాగ్రత్త చెప్పింది. మీ పాపది ఆ కోవ కాదు. చేయించాల్సిన హెర్నియాని ఆపితే పేగు ఇరుక్కునే ప్రమాదం ఉంది, అది ఆలోచించండి.

డాలస్ పిన్ని
ఆదివారం, రాత్రి 11:10

మా మనవడికి ఇక్కడ చెవుల ఆపరేషన్ అయినప్పుడు ఒక పద్ధతి నాకు బాగా నచ్చింది. ముందురోజే మాస్క్ ఒకటి చేతికిచ్చారు. వాడు దాన్ని తన ఎలుగుబంటికి పెట్టాడు, నాకు పెట్టాడు, చివరికి తానే పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. మర్నాడు థియేటర్‌లో మాస్క్ చూసి బెదరలేదు. మన దగ్గర ఆసుపత్రిలో ఇవ్వకపోయినా నెబులైజర్ మాస్క్ మెడికల్ షాపులో దొరుకుతుంది కదా. ఇంకో మాట, "ఏమీ అవ్వదు, నొప్పే ఉండదు" అని అబద్ధం చెప్పకండి. "లేచాక గొంతు నొప్పి ఉంటుంది, డాక్టర్ మందిస్తారు, నేను వస్తాను" అని నిజం చెప్పండి. నాలుగేళ్ల పిల్లలకి అర్థమవుతుంది.

చిన్నూ వాళ్ళమ్మ (గుంటూరు)
మూడు వారాల తర్వాత, శుక్రవారం, మధ్యాహ్నం 3:25

ఆపరేషన్ వాయిదా వేసుకున్నాం. ఫోన్ చేసి చెప్పగానే మత్తు డాక్టర్ మేడమ్ "చెప్పి మంచిపని చేశారు" అన్నారు. నిన్న అయింది. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాం, గురకతో ఊపిరి ఆగే పిల్లాడు కాబట్టి రాత్రి మెషిన్ పెట్టి చూస్తామని ముందే చెప్పారు.

నీళ్ల గురించి అడిగితే ఏడింటి వరకు తాగించమన్నారు. పంచదార నీళ్లు తాగి హుషారుగా ఉన్నాడు. మాస్క్‌తో వారం రోజులుగా ఆడుకుంటున్నాడు కాబట్టి మేడమ్ పెట్టబోతే "నేనే పెట్టుకుంటా" అన్నాడట. పుట్టినప్పటి నుంచి కప్పుకునే నా పాత కాటన్ చీర ముక్కని సిస్టర్‌కిచ్చాను. నన్ను పిలిచేసరికి దాన్ని గుప్పిట్లో పట్టుకుని పక్కకి తిరిగి పడుకున్నాడు. నేను తట్టలేదు, పిలవలేదు. కాసేపటికి కళ్లు తెరిచి ఏడ్చాడు. అరిచి కొట్టుకోవడం లేదు, నన్ను చూస్తూనే ఏడ్చాడు. గొంతు వైపు వేలు చూపించాడు. సిస్టర్ నొప్పి మందు వేశారు, పడుకున్నాడు. సాయంత్రం ఒకసారి కాఫీ రంగులో వాంతి అయింది. మింగిన పాత రక్తమని చెప్పి, వాంతుల మందు ఇచ్చారు. ఇప్పుడు చల్లటి పాలు తాగుతున్నాడు.

రాజమండ్రి అత్తగారూ, మీరు ఫోన్‌లో నేర్పిన పలచటి రాగిజావ రేపు ఇవ్వమన్నారు, చల్లార్చి.

రాజమండ్రి మేనత్త
శుక్రవారం, సాయంత్రం 4:00

చాలా సంతోషం తల్లీ. దిష్టి తీయించు. కల్లుప్పు చాలు, పొగ పెట్టకు.

రికవరీ సిస్టర్ (నెల్లూరు)
శుక్రవారం, రాత్రి 8:15

ఎంత మంచి కబురు! ఇంటికెళ్లాక కొన్ని రాత్రులు ఉలిక్కిపడి లేవొచ్చు, పక్క తడపొచ్చు, మిమ్మల్ని వదలకపోవచ్చు. తిట్టకండి, నెమ్మదిగా పోతుంది. కొన్నాళ్లు రోజ్‌మిల్క్, దానిమ్మ రసం, బీట్‌రూట్ వద్దు. వాంతి అయితే రంగో రక్తమో తేల్చుకోలేం. ఆవకాయ అడిగినా పెట్టొద్దు. నీళ్లు మాత్రం ఏడ్చినా సరే తాగించాలి, గొంతు ఎండితే నొప్పి ఇంకా పెరుగుతుంది.

చిన్నూ వాళ్ళమ్మ (గుంటూరు)
తర్వాతి బుధవారం, రాత్రి 9:40

ఆరో రోజు. గొంతులో రెండు పక్కలా తెల్లగా పేరుకుంది, నోరు వాసన వస్తోంది. నిన్నటి నుంచి చెవి నొప్పి అంటున్నాడు. జ్వరం లేదు. తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగింది. ఇంట్లో దగ్గు సిరప్ ఉంది, వేయొచ్చా? పారాసెటమాల్ సీసాలు రెండున్నాయి, ఒకదాని మీద 120 అని, ఒకదాని మీద 250 అని ఉంది.

విశాఖ మత్తు డాక్టరు
బుధవారం, రాత్రి 10:02

తెల్లటిది చీము కాదు, గాయం మీద కట్టే పొర. వాసన దానిదే. గొంతుకీ చెవికీ ఒకే నరం కాబట్టి చెవిలో నొప్పి అనిపిస్తుంది. ఈ రోజుల్లో నొప్పి మళ్లీ పెరగడం మామూలే.

దగ్గు సిరప్ వేయొద్దు. కొన్నిట్లో కోడీన్ ఉంటుంది. టాన్సిల్ ఆపరేషన్ తర్వాత పిల్లలకి కోడీన్ ఇవ్వొద్దని ఎఫ్‌డీఏ 2013లోనే గట్టిగా హెచ్చరించింది. కొందరి ఒంట్లో అది త్వరగా మార్ఫిన్‌గా మారి ఊపిరి మందగిస్తుంది. గురకతో ఊపిరి ఆగే పిల్లల్లో ఇది ఇంకా ప్రమాదం.

పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు, అంటే మీ బాబుకి 210. 250 అని ఉన్న సీసాలో (అంటే 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు) అది 4 మిల్లీలీటర్లు దాటి కొంచెం. 120 అని ఉన్నదాంట్లో 8 మిల్లీలీటర్లు దాటుతుంది. రెండు సీసాలూ ఇంట్లో ఉంచొద్దు, కంగారులో ఒకదాని కొలత ఇంకోదానికి పోసేస్తారు. డిశ్చార్జ్ కాగితంలో రాసిన సీసా ఏదో చూసి అదొక్కటే ఉంచండి. ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లకి మించకుండా. నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైముకి ఇవ్వండి, అన్నానికి అరగంట ముందైతే మింగగలుగుతాడు.

ఐదో రోజు నుంచి పదో రోజు దాకా ఆ పొర ఊడుతుంది, ఇంటికెళ్లాక రక్తం పడే అవకాశం ఎక్కువగా ఉన్నది అప్పుడే. ఎర్రటి తాజా రక్తం ఉమ్మినా, నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తున్నా, రక్తం వాంతి చేసుకున్నా పొద్దున చూద్దాం అనుకోకండి. ఆగిపోయినా సరే, ఏ రాత్రైనా సరే, కూర్చోబెట్టి, ముందుకి వంచి, నేరుగా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు. మళ్లీ మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఎమర్జెన్సీ నంబర్ ఇప్పుడే మీ ఫోన్లోనూ, మీవారి ఫోన్లోనూ సేవ్ చేసుకోండి.

చిన్నూ వాళ్ళమ్మ (గుంటూరు)
బుధవారం, రాత్రి 10:20

120 సీసా, దగ్గు సిరప్ రెండూ తీసేశాను. నంబర్ ఇద్దరి ఫోన్లలో పెట్టాను, పక్కింటి అన్నయ్యకి కూడా ఇచ్చాను, కారు ఆయనదే. డోసు ఇప్పుడే వేశాను, తర్వాతిది తెల్లవారుజామున నాలుగు దాటాక. అలారం పెట్టుకున్నాను డాక్టర్ గారూ.